ఉక్కపోతకు లెక్క కట్టినవాడు

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. సింగరాయకొండ స్టేషన్‌లో రైలు దిగారనుకోండి. ఎండ సంగతి అలా ఉంచండి, ప్లాట్‌ఫాం షెడ్డు కిందికి వచ్చి నిలబడినా చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. రుమాలుతో తుడిచిన మరుక్షణమే మళ్లీ చెమట. అదే రోజు మార్కాపురంలో బస్సు దిగితే ఎండ ఇంకా చురుక్కుమంటుంది, కానీ చెట్టు నీడకు చేరితే చెమట ఆరిపోతుంది. కారణం మీకు తెలిసిందే. మార్కాపురం సముద్రానికి దూరం. సింగరాయకొండకు పాకల బీచ్ పక్కనే. గాల్లో తడి ఎక్కువ, అందుకే చెమట ఆరదు. మన అమ్మమ్మలకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు కాబట్టే ఎండకో మాట, ఉక్కపోతకో మాట పెట్టారు.

ఆ ఉక్కపోతను మాట దగ్గరే వదిలేయకుండా అంకెల్లోకి తెచ్చినవాడు విల్లిస్ క్యారియర్. క్యారియర్ అనగానే మనకు ముందు అన్నం క్యారియరే గుర్తొస్తుంది. తర్వాత ఏసీ మీద స్టిక్కర్. ఆ స్టిక్కర్ వెనక ఒక మనిషి ఉన్నాడని, అతను ఉద్యోగంలో చేరినప్పుడు మీలాగే ఫ్రెషర్ అని చాలామందికి తెలియదు. నాకూ బీటెక్ మెకానికల్ అయ్యేదాకా తెలియదు. అతను కట్టిన లెక్కల్ని పరీక్ష కోసం బట్టీపట్టి, పరీక్ష అవగానే మర్చిపోయిన బ్యాచ్ మాది. మీరు ఆ తప్పు చేయకూడదనే ఈ కథ చెబుతున్నా.

ఆపిల్ కోసి నేర్పిన భిన్నాలు

క్యారియర్ 1876 నవంబరు 26న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఈరీ సరస్సు దగ్గర ఆంగోలా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వ్యవసాయ కుటుంబం. ఒక్కడే కొడుకు. చిన్నప్పుడు భిన్నాలు అసలు బుర్రకెక్కేవి కావు. తల్లి ఎలిజబెత్ పుస్తకం పక్కన పెట్టి, ఆపిల్స్ తెప్పించి సగాలుగా, పావులుగా, ఇంకా చిన్న ముక్కలుగా కోసింది. ముక్కల్ని కలిపి, తీసేసి లెక్క చూపించింది. చేత్తో పట్టుకుంటే లెక్క అర్థమవుతుందని ఆ పిల్లాడికి అప్పుడు తెలిసింది. ఆ పాఠాన్ని అతను జీవితాంతం తలుచుకున్నాడు. ఆ తల్లి మాత్రం అతనికి 11 ఏళ్లప్పుడే చనిపోయింది.

1893లో అమెరికాను ఆర్థిక మాంద్యం కుదిపేసింది. వ్యవసాయ కుటుంబాల చేతిలో డబ్బు లేదు. కాలేజీకి వెళ్లాల్సిన కుర్రాడు ఊళ్లో బడిపిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఆగిపోయాడు. తర్వాత బఫెలో నగరంలో చదివి, స్కాలర్‌షిప్ కొట్టి, 1897లో కార్నెల్ యూనివర్సిటీలో చేరాడు. అప్పటికి అతనికి 20 ఏళ్లు నిండాయి. స్కాలర్‌షిప్ ఒక్కటే సరిపోలేదు. పచ్చిక కోశాడు, ఇళ్లలో బాయిలర్ పొయ్యిలు చూశాడు, తోటి విద్యార్థితో కలిసి లాండ్రీ నడిపాడు. 1901లో ఇంజినీర్‌గా బయటికొచ్చాడు.

రెజ్యూమేలో గ్యాప్ ఉందని దిగులుపడేవాళ్లు ఒక్క నిమిషం ఇక్కడ ఆగండి. ఇతనికీ గ్యాప్ ఉంది.

వారానికి 10 డాలర్లు

1901 జులైలో బఫెలో ఫోర్జ్ అనే కంపెనీలో చేరాడు. జీతం వారానికి 10 డాలర్లు. కంపెనీ ఫ్యాన్లు, హీటర్లు, కొలిమి సామాను తయారుచేసేది. అతనికి అప్పగించిన పని కలపను, కాఫీ గింజల్ని ఆరబెట్టే వేడిగాలి వ్యవస్థల్ని డిజైన్ చేయడం. పేపర్లో పేరొచ్చే పనేం కాదు.

కొద్ది వారాల్లోనే అతనికో విషయం కనిపించింది. ఏ సైజు పైపుల చుట్ట మీదుగా ఎంత గాలి పంపితే ఎంత వేడెక్కుతుందో ఎవరి దగ్గరా కచ్చితమైన లెక్క లేదు. అంతా ఉజ్జాయింపు వ్యవహారం. తక్కువైతే కస్టమర్ గొడవపడతాడని ఎందుకైనా మంచిదని పెద్ద హీటర్ పెట్టేసేవాళ్లు. క్యారియర్ తన డ్యూటీ పని చేసుకుంటూనే ప్రయోగాలు మొదలెట్టాడు. కొలిచాడు, పట్టికలు రాశాడు. ఆ పట్టికల వల్ల ఒక్క చలికాలంలోనే కంపెనీకి 40,000 డాలర్లు మిగిలాయి. దాంతో యాజమాన్యం అతనికి ఏకంగా ఓ ప్రయోగశాల అప్పజెప్పింది. చేరి ఏడాదైనా సరిగా కాలేదు.

ప్రింటింగ్ ప్రెస్‌లో చిక్కు

1902లో న్యూయార్క్ బ్రూక్లిన్ నుంచి ఒక సమస్య వచ్చింది. సాకెట్ అండ్ విల్‌హెమ్స్ అనే ప్రింటింగ్ కంపెనీ రంగుల పత్రికలు అచ్చేసేది. ఒకే కాగితం మీద ఒక రంగు తర్వాత ఇంకో రంగు వేయాలి. వేసవిలో గాల్లో తడి పెరిగితే కాగితం సాగేది, తగ్గితే కుంచించుకుపోయేది. రెండో రంగు మొదటి రంగు మీద కూర్చునేది కాదు. బొమ్మ చెదిరిపోయేది. కాగితం వృథా, సిరా వృథా, పత్రిక ఆలస్యం.

మిర్చి కల్లాల దగ్గర పెరిగినవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. పగలంతా ఆరిన కాయ రాత్రి మంచుకు మెత్తబడుతుంది. అందుకే సాయంత్రమయ్యేసరికి పట్టాలు కప్పుతారు. ప్రెస్‌లో కాగితానికి పట్టా కప్పి పని చేయలేరు కదా. గదిలోని గాలినే అదుపులో పెట్టాలి.

ఇప్పుడు గమనించండి. కస్టమర్ గదిని చల్లబరచమని అడగలేదు. మనుషుల సుఖం గురించీ అడగలేదు. కాగితం సైజు మారకూడదన్నాడు, అంతే. కావాల్సింది చల్లదనం కాదు, గాల్లో తడి ఏడాది పొడవునా ఒకేలా ఉండటం అని క్యారియర్ పట్టుకున్నాడు. వాతావరణ శాఖ పట్టికలు ముందేసుకుని, చల్లని పైపుల మీదుగా గాలిని పంపి అందులోని నీటి ఆవిరిని బొట్లుగా రాల్చే పద్ధతి లెక్కగట్టాడు. సాపేక్ష ఆర్ద్రత 55 శాతం దగ్గర నిలవాలన్నది లక్ష్యం. డ్రాయింగ్‌ల మీద తేదీ 1902 జులై 17. ఆధునిక ఎయిర్ కండిషనింగ్ పుట్టినరోజుగా ఈ తేదీనే చెప్పుకుంటారు. అప్పటికి అతని వయసు 25.

ఆ ప్లాంట్ చల్లదనం రోజుకు 1,08,000 పౌండ్ల మంచు కరిగినంత. 24 గంటల్లో 2,000 పౌండ్ల మంచు కరిగితే వచ్చే చల్లదనాన్ని ఒక టన్ను అంటారు. అంటే అది 54 టన్నుల ప్లాంట్. ఏసీ షాపులో ఒకటిన్నర టన్ను అన్నప్పుడు ఆ టన్ను ఇదే, మెషీన్ బరువు కాదు. ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న దగ్గర తడబడేవాళ్లు ఎంతమందో! ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్లు. గుర్తుపెట్టుకోండి.

పిట్స్‌బర్గ్ ప్లాట్‌ఫాం

అదే ఏడాది చివర్లో ఓ చలి సాయంత్రం అతను పిట్స్‌బర్గ్ స్టేషన్‌లో రైలు కోసం ఎదురుచూస్తున్నాడు. ప్లాట్‌ఫాం నిండా పొగమంచు. మనమైతే రైలు లేటని విసుక్కుంటాం. అతను పొగమంచును చూసి ఆలోచనలో పడ్డాడు. ఈ గాలి ఇంక ఒక్క చుక్క ఆవిరి కూడా పట్టలేనంత నిండిపోయింది. అయినా చలిగా ఉంది కాబట్టి ఇందులో ఉన్న మొత్తం నీరు తక్కువే. అంటే ఇలా పూర్తిగా నిండిన గాలిని ఏ ఉష్ణోగ్రత దగ్గర తయారుచేయాలో నా చేతిలో ఉంటే, అందులో ఎంత నీరుండాలో కూడా నా చేతిలో ఉన్నట్టే!

గాల్లోని ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. దీని మీద అతను ఓ తలకిందుల పరికరం కట్టాడు. గాలిలోకి చల్లని నీటిని తుంపరగా చల్లడం. తడి చల్లితే గాలి ఆరడమేంటని అందరికీ అనుమానం. కానీ నీరు డ్యూ పాయింట్ కంటే చల్లగా ఉంటే, గాల్లోని అదనపు ఆవిరి ఆ చుక్కలకే అంటుకుని కిందికి దిగిపోతుంది. వేసవిలో ఐస్ వాటర్ గ్లాసుకు బయట పట్టే చెమట ఇదే. 1904లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, 1906 జనవరి 2న మంజూరైంది.

ఆ పరికరానికి తొలి రోజుల్లోనే గిరాకీ ఇచ్చినవాళ్లలో పత్తి మిల్లులవాళ్లున్నారు. 1906లో నార్త్ కరోలినాలోని బెల్మాంట్‌లో క్రానికల్ మిల్లుకు ప్లాంట్ వెళ్లింది. గాలి పొడిబారితే నూలు తెగుతుంది, పోగులు లేస్తాయి. పైగా కదుర్లు తిరిగే వేడి ఒకటి. మన గుంటూరు, చిలకలూరిపేట వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో గాల్లో తేమను నిలబెట్టే హ్యూమిడిఫికేషన్ ప్లాంట్లు చూసి ఉంటే, వాటి వంశవృక్షం ఇక్కడిదాకా వస్తుంది. 1907లో జపాన్‌లోని యొకొహామా పట్టు మిల్లుకూ ఓ ప్లాంట్ అమ్ముడైంది.

అన్నీ ఇలా సాఫీగా సాగాయనుకోవద్దు. బఫెలో ఫోర్జ్‌లో ఉన్న రోజుల్లోనే మిస్సోరీ రాష్ట్రంలో ఒక గాజు ఫ్యాక్టరీకి అతను పెట్టిన గ్యాస్ శుద్ధి పరికరం హామీ ఇచ్చినట్టు పని చేయలేదు. నిద్ర పట్టలేదు, కడుపు తిప్పేసింది. చివరికి కూర్చుని మూడు పనులు చేశాడు. అన్నిటికంటే ఘోరంగా ఏం జరగొచ్చు? కంపెనీకి 20,000 డాలర్ల నష్టం, తన ఉద్యోగం పోవడం. సరే, అదే జరిగిందనుకుని మనసును సిద్ధం చేసుకున్నాడు. అప్పుడు ప్రశాంతంగా ఆ నష్టాన్ని ఎంత తగ్గించొచ్చో చూశాడు. ఇంకో 5,000 డాలర్ల సామాను జోడిస్తే పని చేస్తుందని తేలింది. నష్టం పోయి 15,000 డాలర్లు మిగిలాయి. డేల్ కార్నెగీ దిగులు మానడం గురించి రాసిన పుస్తకంలో ఈ సంఘటనకు పెద్ద చోటిచ్చాడు. ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఇది మీకూ పనికొస్తుంది.

1911 డిసెంబరులో అతను అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు తన సైక్రోమెట్రిక్ సూత్రాలను పెట్టాడు. గాలి వేడికి, అందులోని తడికి, డ్యూ పాయింట్‌కు ఉన్న సంబంధాన్ని సూత్రాలుగా, చార్టుగా ఇచ్చాడు. ఫ్యాక్టరీ ఎక్కడున్నా, సీజన్ ఏదైనా, ఎంత పెద్ద మెషీన్ కావాలో ముందే కాగితం మీద తేల్చుకునే వీలు దొరికింది. మీ ఆర్‌ఏసీ సబ్జెక్టులో వంకర గీతలతో భయపెట్టే చార్టు దాని వారసుడే.

38 ఏళ్లకు మళ్లీ మొదటికి

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. బఫెలో ఫోర్జ్ యాజమాన్యం ఖర్చులు తగ్గించుకుని తయారీకే పరిమితమవ్వాలని నిర్ణయించింది. ఎయిర్ కండిషనింగ్ విభాగం అక్కర్లేదంది. పేరొచ్చాక, పరిశోధన సత్తా చాటాక, 38 ఏళ్ల వయసులో కాళ్ల కింద నేల కదిలింది.

ఏడుగురు ఇంజినీర్లు కలిశారు. దాచుకున్న డబ్బంతా కూడితే 32,600 డాలర్లు వచ్చాయి. 1915 జూన్ 26న క్యారియర్ ఇంజినీరింగ్ కార్పొరేషన్ మొదలైంది. సొంత ఫ్యాక్టరీ లేదు. వాళ్ల దగ్గరున్న సరుకు లెక్క మాత్రమే.

ఇక్కడినుంచే మనకు అసలు కావాల్సిన ఘట్టం. అప్పటికి చల్లబరిచే యంత్రాలు చాలావరకు అమ్మోనియావి. మన గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఇప్పటికీ అమ్మోనియా వాడుతున్నారు. సరుకు నిల్వకు అది బేషుగ్గా పనికొస్తుంది. వేలమంది కూర్చునే హాల్లో లీకైతే మాత్రం ప్రాణాంతకం. పైగా ఆ కంప్రెసర్లు దిగ్గజాల్లా ఉండేవి. పిస్టన్ బదులు వేగంగా తిరిగే చక్రంతో వాయువును నొక్కే సెంట్రిఫ్యూగల్ యంత్రాన్ని క్యారియర్ రూపొందించాడు. అమ్మోనియాకు బదులు తక్కువ ప్రమాదమున్న ద్రవాన్ని ఎంచుకున్నాడు. 1922 మేలో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో దాన్ని ప్రపంచానికి చూపించాడు.

ఈ యంత్రం నేరుగా గదిని కాదు, నీటిని చల్లబరుస్తుంది. ఆ నీరు పైపుల్లో ప్రయాణించి గాలిని చల్లబరుస్తుంది. ఇదే చిల్డ్ వాటర్ పద్ధతి. ఇవాళ హైదరాబాద్ మాల్, కార్పొరేట్ ఆస్పత్రి, ఎయిర్‌పోర్ట్ ఏది తీసుకున్నా దాదాపు ఇదే నడుస్తుంది.

1924లో డెట్రాయిట్‌లోని హడ్సన్ బట్టల దుకాణం బేస్‌మెంట్‌లో మూడు చిల్లర్లు పెట్టారు. డిస్కౌంట్ సేల్ రోజుల్లో అక్కడ ఊపిరాడక జనం కళ్లు తిరిగి పడిపోయేవారు. చిల్లర్లు వచ్చాక ఆ బాధ తప్పింది. 1925 మే చివర్లో న్యూయార్క్‌లోని రివోలి థియేటర్ వంతు. మొదటి రోజు జనం అలవాటు కొద్దీ విసనకర్రలతో వచ్చారు. ప్లాంట్ ఆన్ చేయడం ఆలస్యమైంది. హాలంతా విసనకర్రల ఊపు. వెనక నిలబడిన క్యారియర్ బృందానికి గుండె దడ. చల్లదనం మెల్లగా పైనుంచి దిగేకొద్దీ ఒక్కో విసనకర్ర ఆగిపోయింది. ఆ తర్వాత వేసవిలో సినిమాకు వెళ్లడమనేది కొత్త అలవాటైంది. 1928లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో 21 అంతస్తుల మిలాం బిల్డింగ్ మొత్తం ఎయిర్ కండిషనింగ్‌తో తెరుచుకుంది.

1930ల మాంద్యం కంపెనీని బాగా దెబ్బకొట్టింది. ఆ కష్టంలోనూ అతను ఇంకో చిక్కు విప్పాడు. ఆకాశహర్మ్యాల్లో గాలి గొట్టాలే అంతస్తుల్ని మింగేస్తున్నాయి. గాలికంటే నీరు చాలా తక్కువ జాగాలో ఎక్కువ వేడిని మోస్తుంది. కాబట్టి 1939 నాటికి నీటిని సన్నని పైపుల్లో ఒక్కో గదికి పంపి, గాలిని చిన్న గొట్టాల్లో వేగంగా పంపే వ్యవస్థ తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్ని గడ్డకట్టే చలిలో పరీక్షించే విండ్ టన్నెల్‌కు శీతలీకరణ సమకూర్చాడు. తన పనుల్లో అతను బాగా గర్వపడింది దీనికే. 1950 అక్టోబరు 7న న్యూయార్క్‌లో కన్నుమూశాడు. పేరు మీద 80కి పైగా పేటెంట్లున్నాయి. ఇంటింటికీ ఏసీ చేరిన రోజుల్ని మాత్రం అతను చూడలేదు.

ఇంతకీ మీకేంటి?

పెద్ద బిల్డింగ్ డిజైన్‌లో సాధారణంగా చిల్డ్ వాటర్‌ను 7 డిగ్రీల దగ్గర పంపి 12 దగ్గర వెనక్కి తీసుకుంటారు. ఈ 7 ఎక్కడిది? గదిని 24 డిగ్రీలు, 50 శాతం ఆర్ద్రత దగ్గర ఉంచాలనుకోండి. ఆ గాలి డ్యూ పాయింట్ సుమారు 13. కాయిల్ అంతకంటే బాగా చల్లగా ఉంటేనే ఆవిరి రాలుతుంది. అందుకే 7. పిట్స్‌బర్గ్ ప్లాట్‌ఫాం మీది ఆలోచనే ఇది! తర్వాత లెక్క ఇంకా సులువు. 100 టన్నుల లోడ్ అంటే 352 కిలోవాట్లు. నీటి విశిష్టోష్ణం 4.19, తేడా 5 డిగ్రీలు. భాగిస్తే సెకనుకు సుమారు 17 లీటర్లు. పంపు, పైపు సైజు అక్కడినుంచే మొదలవుతాయి. తీరప్రాంతంలో కట్టే భవనానికి తడి తీసేసే భారం ఎక్కువ. మార్కాపురం డిజైన్‌ను తెచ్చి సింగరాయకొండలో పెడితే గది చల్లగానే ఉంటుంది, గోడలు మాత్రం బూజు పడతాయి.

పని కొరత లేదు. 2019లో అమరావతి ప్రభుత్వ భవనాలకు ఒకేచోటినుంచి చిల్డ్ వాటర్ పంపే 20,000 టన్నుల డిస్ట్రిక్ట్ కూలింగ్ ఒప్పందం జరిగింది. 2025 అక్టోబరులో విశాఖలో భారీ డేటా సెంటర్ కేంద్రాన్ని గూగుల్ ప్రకటించింది. సర్వర్లు తినే కరెంటంతా చివరికి వేడే, దాన్ని ఎవరో ఒకరు మోసుకుపోవాలి. తర్వాత వచ్చిన కొన్ని రిఫ్రిజరెంట్లు ఓజోన్ పొరను తిన్నాయి, వాటి బదులు వచ్చినవి భూమిని వేడెక్కిస్తున్నాయి. తక్కువ కరెంటుతో, తక్కువ హానితో చల్లబరచడమన్న లెక్క ఇంకా తేలలేదు. అది మీ తరానికి మిగిలింది.

లోడ్ లెక్కలకు పరిశ్రమలో బాగా వాడే హ్యాప్ సాఫ్ట్‌వేర్ క్యారియర్ కంపెనీదే. నేర్చుకోండి, రెవిట్ కూడా నేర్చుకోండి. కాలేజీలో ఇష్రే స్టూడెంట్ చాప్టర్ ఉంటే చేరండి. కానీ వాటికంటే ముందు ఓ పని చేయండి. రెండు మామూలు థర్మామీటర్లు కొనండి. ఒకదాని బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, వసారాలో ఫ్యాన్ గాలికి పెట్టండి. రెండు రీడింగుల తేడా రాసుకోండి. చార్టు తీసి మీ ఊరి గాలి డ్యూ పాయింట్ ఎంతో చూడండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి, ఓ నెల రోజులు. మొత్తం ఖర్చు ఒక సినిమా టికెట్టంత.

ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్ట్ గురించి చెప్పమంటే ఆ నోట్‌బుక్ బల్ల మీద పెట్టండి. అందులో అంకెలు మీవి. ఎవరు ఎటునుంచి అడిగినా జవాబు మీ దగ్గరే ఉంటుంది.